మొక్కల మధ్య ఎడం - చిరుధాన్యాల దిగుబడి
(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. వ్యవసాయం)



మన హాస్టల్‌లో చదువుకునే వాళ్లలో ఎక్కువ మంది ఇళ్లకు వ్యవసాయంతోనే సంబంధం ఉంది. కొందరికి అర ఎకరమో ఎకరమో సొంత భూమి ఉంటుంది. కొందరు కౌలుకు చేస్తారు. చాలా మంది అమ్మానాన్నలు నాట్లకు, కలుపులకు, కోతలకు కూలికి వెళ్తారు. ఎరువు కొనాలన్నా, మందు కొట్టాలన్నా, బోరు వేయాలన్నా డబ్బు కావాలి. డబ్బు పెద్దగా పెట్టకుండా దిగుబడిని మార్చగలిగే విషయాలు వ్యవసాయంలో కొన్నే ఉన్నాయి. అదనుకు విత్తడం ఒకటి, మంచి విత్తనం ఎంచుకోవడం ఒకటి, మొక్కకూ మొక్కకూ మధ్య సరైన ఎడం ఉంచడం ఒకటి. ఈ మూడోదాని గురించి, అందులోనూ రాగి, జొన్న, సజ్జ, కొర్ర వంటి చిరుధాన్యాల విషయంలో, నేను చదివి తెలుసుకున్నది మీకు వీలైనంత తేలిగ్గా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన గోదావరి ప్రాంతంలో చిరుధాన్యాలు

గోదావరి జిల్లాలు అనగానే అందరికీ వరి గుర్తుకొస్తుంది. 1852లో ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువల కింద వరి భూమి అయింది. సార్వా, దాళ్వా అని ఏటా రెండు పంటలు పండుతున్నాయి. కానీ కాలువ నీరు అందని మెట్ట మండలాలు మనకు ఉన్నాయి. రంపచోడవరం, మారేడుమిల్లి వైపు ఏజెన్సీ కొండలు ఉన్నాయి. అక్కడ రాగి, సామ, జొన్న ఎప్పటినుంచో పండుతున్నాయి. రాగినే మనవైపు చోడి అని కూడా పిలుస్తాం. పి.ఆర్. 202 అనే పాత రాగి రకానికి 'గోదావరి' అనే పేరే పెట్టారు.

ఐక్యరాజ్యసమితి 2023 సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకప్పుడు పేదవాడి తిండి అని చిన్నచూపు చూసిన గింజకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. గిరాకీ వచ్చినప్పుడు ఆ గింజ పండించే చిన్న రైతు నాలుగు బస్తాలు ఎక్కువ తీయగలగాలి. లేకపోతే ఆ గిరాకీ వల్ల అతనికి ఒరిగేది ఏమీ ఉండదు.

గట్టు పక్క మొక్కను గమనించారా?

ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఏ చేనైనా చూడండి. గట్టు పక్కన ఉన్న మొక్క చేను మధ్యలో ఉన్న మొక్క కన్నా బలంగా, ఎక్కువ పిలకలతో, పెద్ద కంకితో ఉంటుంది. విత్తనం ఒకటే, వాన ఒకటే, నేల ఒకటే. తేడా ఏమిటంటే, గట్టు పక్క మొక్కకు ఒక వైపున పోటీ లేదు. ఆ వైపు నుంచి వెలుతురు వస్తుంది, ఆ వైపు వేరు పాకడానికి మట్టి ఉంటుంది.

దీన్ని చూసి, మొక్కలన్నీ ఇలాగే దూరం దూరంగా ఉంటే పంటంతా ఇలాగే ఉంటుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలా మంది పొరపడతారు. దూరంగా పెడితే ఒక్కొక్క మొక్క పెద్దదవుతుంది, నిజమే. కానీ మొక్కల సంఖ్య తగ్గిపోతుంది. మనం ఇంటికి తెచ్చుకునేది ఒక మొక్క గింజలు కాదు, ఎకరం గింజలు. అందుకని ఎడం గురించి ఆలోచించేటప్పుడు మొక్క ఎంత పెద్దదైంది అని కాక, చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల గింజ వచ్చింది అని అడగాలి.

దిగుబడి ఒక గుణకారం

వ్యవసాయ శాస్త్రంలో దిగుబడిని భాగాలుగా విడగొట్టి చూస్తారు. చదరపు మీటరులో ఎన్ని మొక్కలు, మొక్కకు ఎన్ని వెన్నులు లేదా కంకులు, కంకికి ఎన్ని గింజలు, ఒక్కో గింజ బరువు ఎంత. ఈ నాలుగింటినీ గుణిస్తే దిగుబడి వస్తుంది. మొక్కలు పెంచితే మిగతా మూడూ తగ్గుతాయి. మొక్కలు తగ్గిస్తే మిగతావి పెరుగుతాయి. అవి ఎంతవరకు పెరుగుతాయి, ఎక్కడ ఆగుతాయి అన్నదే అసలు విషయం.

రాగితో ఒక లెక్క చూద్దాం. లెక్క అర్థం కావడానికి నేను ఊహించి వేసిన అంకెలు ఇవి, ఏ ప్రయోగం నుంచీ తీసుకున్నవి కావు.

1. వెదజల్లిన చేను, ఒత్తుగా ఉంది: చదరపు మీటరుకు 180 మొక్కలు. అందులో 100 మొక్కలకే వెన్ను వచ్చింది. వెన్నుకు 1.8 గ్రాముల గింజ. మొత్తం 180 గ్రాములు. ఎకరాకు సుమారు 7 క్వింటాళ్లు.

2. 15 x 10 సెంటీమీటర్ల ఎడంతో నాటిన చేను: 66 మొక్కలు, మొక్కకు 2 వెన్నులు, వెన్నుకు 2.5 గ్రాములు. మొత్తం 330 గ్రాములు. ఎకరాకు 13 క్వింటాళ్లు.

3. 45 x 45 సెంటీమీటర్ల ఎడం, బలం లేని నేల, ముదురు నారు: 5 మొక్కలు, మొక్కకు 8 వెన్నులు, వెన్నుకు 4 గ్రాములు. మొత్తం 160 గ్రాములు. ఎకరాకు ఆరున్నర క్వింటాళ్లు.

4. అదే 45 x 45 ఎడం, కానీ లేత నారు, మంచి పశువుల ఎరువు, సమయానికి కలుపు: 5 మొక్కలు, మొక్కకు 25 వెన్నులు, వెన్నుకు 4 గ్రాములు. మొత్తం 500 గ్రాములు. ఎకరాకు 20 క్వింటాళ్లు.

మూడో లెక్క, నాలుగో లెక్క పక్కపక్కన పెట్టి చూడండి. ఎడం ఒకటే. దిగుబడి మూడు రెట్లు తేడా. ఎడం దానంతట అది దిగుబడి ఇవ్వదు. మొక్కకు అవకాశం మాత్రమే ఇస్తుంది. ఆ అవకాశాన్ని వాడుకునే శక్తి మొక్కకూ నేలకూ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

ఒత్తుగా ఉంటే ఏమవుతుంది?

ముప్పై మందికి సరిపోయే గదిలో ఎనభై మంది ఉంటే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. స్నానానికి వరుస, అన్నానికి వరుస, దీపం కింద చదువుకోవడానికి తోపులాట. మొక్కల పరిస్థితీ అంతే. అవి మూడింటి కోసం పోటీ పడతాయి.

మొదటిది వెలుతురు. మొక్క ఆహారం తయారయ్యేది ఆకులో, సూర్యకాంతితో. పై ఆకులు కింది ఆకులకు నీడ పెడితే కింది ఆకులు సంపాదించేది తగ్గిపోతుంది. నేల వైశాల్యానికి దాని మీద ఉన్న ఆకుల వైశాల్యం ఎన్ని రెట్లు ఉందో చెప్పే అంకెను ఆకు వైశాల్య సూచిక అంటారు. చాలా ధాన్యపు పంటల్లో ఈ సూచిక 3, 4 మధ్యకు వచ్చేసరికి వెలుతురులో ఎక్కువ భాగం ఆకులకే అందుతుంది. ఆపైన ఆకు పెరిగినా లాభం తక్కువ. ఒత్తుగా ఉన్న మొక్కలు వెలుతురు కోసం పైకి సాగుతాయి. కాండం సన్నబడుతుంది. కంకి బరువుకో, గాలివానకో చేను పడిపోతుంది.

రెండోది నీరు. మెట్టలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. భూమిలో ఉన్న తేమ ఒక కుండలో నీళ్ల లాంటిది. తాగే నోళ్లు ఎక్కువైతే తొందరగా అయిపోతుంది. ఒత్తుగా ఉన్న జొన్న చేను మొదటి నెలన్నర కంటికి ఎంతో పచ్చగా, నిండుగా కనిపిస్తుంది. ఆకు పెంచుకోవడానికే తేమంతా వాడేస్తుంది. కంకి తీసి గింజ పాలు పోసుకునే సమయానికి నేలలో తేమ ఉండదు. చొప్ప వస్తుంది, గింజ తాలు పోతుంది. శీతాకాలంలో భూమిలో మిగిలిన తేమ మీదే పండే జొన్నలో ఈ నష్టం మరీ ఎక్కువ.

మూడోది పోషకాలు. ఎరువు తక్కువ వేసే పేద రైతు పొలంలో ఉన్న కొద్దిపాటి నత్రజనిని లెక్కకు మించిన మొక్కలు పంచుకుంటే ఏ మొక్కకూ కడుపు నిండదు.

ఇవి కాక తెగుళ్లు. ఒత్తు చేనులో గాలి ఆడదు, ఆకు మీద తేమ త్వరగా ఆరదు. రాగికి పెద్ద శత్రువైన అగ్గి తెగులుకు ఇది అనుకూలం.

1953లో కిరా అనే జపాన్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన విషయం చూపించారు. మొక్కల సంఖ్య పెంచుకుంటూ పోతే పొలంలో మొత్తం పచ్చి పెరుగుదల, అంటే ఆకు, కాండం అన్నీ కలిపిన ఎండు బరువు, ఒక స్థాయి వరకు పెరిగి ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని మొక్కలు పెట్టినా అంతే. గింజ దిగుబడి మాత్రం అలా ఆగి నిలబడదు. ఒక స్థాయి దాటాక తగ్గడం మొదలవుతుంది. పశువుల మేతకు జొన్న ఒత్తుగా చల్లుతారు, గింజకైతే పల్చగా వేస్తారు. ఈ పద్ధతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. శాస్త్రం చెప్పినదీ ఇదే.

అన్ని చిరుధాన్యాలూ ఒకటి కావు

రాగి, సజ్జ బాగా పిలకలు వేస్తాయి. మొక్కలు కొంచెం పల్చబడినా పక్క మొక్క పిలకలు వేసి ఖాళీని చాలావరకు పూడుస్తుంది. అందుకని ఈ పంటల్లో ఎడం కొంచెం అటూ ఇటూ అయినా దిగుబడి ఒక్కసారిగా పడిపోదు. జొన్న అలా కాదు. మనం వేసే గింజ జొన్న రకాల్లో చాలావాటికి మొక్కకు ఒకటే ప్రధాన కంకి. మొక్క లేని చోట కంకి లేనట్టే. పక్క కంకి కొంచెం పెద్దదై కొంత నష్టం పూడ్చగలదు గానీ, అంతా పూడ్చలేదు. కాబట్టి జొన్నలో మొక్కల సంఖ్య సరిగా ఉండడం మరీ అవసరం.

పంట కాలం కూడా చూడాలి. ఎక్కువ రోజుల రకానికి పిలకలు వేసి విస్తరించడానికి సమయం ఉంటుంది, దానికి ఎడం ఎక్కువ కావాలి. తక్కువ రోజుల రకానికి ఆ సమయం ఉండదు, దాన్ని దగ్గరగా పెట్టాలి. వరిలో ఇది మనకు తెలిసిన విషయమే. దీర్ఘకాలిక రకాలకు చదరపు మీటరుకు 33 కుదుళ్లు, మధ్యకాలిక రకాలకు 44, స్వల్పకాలిక రకాలకు 66 ఉండాలని చెబుతారు. రాగి నాట్లలోనూ అదే సూత్రం. స్వల్పకాలిక రకాలకు 15 x 10, ఎక్కువ కాలం రకాలకు 15 x 15 సెంటీమీటర్లు.

మూర, జాన, బెత్తెడు

సాధారణంగా సిఫారసు చేసే ఎడాలు ఇవి. ముందు అంకె వరుసల మధ్య దూరం, రెండోది వరుసలో మొక్కల మధ్య దూరం.

జొన్న: 45 x 12 సెం.మీ. ఎకరాకు సుమారు 75 వేల మొక్కలు.
సజ్జ: 45 x 12 నుంచి 15 సెం.మీ. ఎకరాకు 60 నుంచి 75 వేల మొక్కలు.
రాగి (నాటితే): 15 x 10 లేదా 15 x 15 సెం.మీ. ఎకరాకు 2 లక్షల 70 వేలు లేదా లక్షా 80 వేల మొక్కలు.
కొర్ర: 22.5 x 7.5 నుంచి 10 సెం.మీ.
సామ: 22.5 x 10 సెం.మీ. ఎకరాకు సుమారు లక్షా 80 వేల మొక్కలు.

ఈ అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టం అనుకోకండి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. మా అమ్మ నాట్ల కూలికి వెళ్తుంది. ఆమెకు సెంటీమీటర్లు తెలియవు. కానీ మూర, జాన, బెత్తెడు తెలుసు. మోచేతి నుంచి నడిమివేలి కొస వరకు మూర, అంటే 18 అంగుళాలు, 45 సెంటీమీటర్లు. చాచిన బొటనవేలి నుంచి చిటికెనవేలి వరకు జాన, అంటే మూరలో సగం, ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, ఏడున్నర సెంటీమీటర్లు. పై పట్టిక మరోసారి చూడండి. జొన్న వరుసల మధ్య మూర. కొర్ర, సామ వరుసల మధ్య జాన. కొర్ర మొక్కల మధ్య బెత్తెడు. రాగి వరుసల మధ్య రెండు బెత్తెలు. పుస్తకంలో ఉన్న అంకెలు అమ్మ చేతి మీద ముందే ఉన్నాయి. మీ ఇంట్లో ఈ విషయం చెప్పేటప్పుడు సెంటీమీటర్లలో చెప్పకండి, చేత్తో చూపించండి.

విత్తనం ఎక్కువ వేస్తే పంట ఎక్కువ వస్తుందా?

'గింజ చిన్నది, పల్చగా పడితే మొలవకపోతే ఎలా' అనే భయంతో చాలా మంది ఎక్కువ విత్తనం చల్లుతారు. ఆ భయంలో న్యాయం ఉంది. వాన సరిగా పడకపోతే, చీమలు, పిట్టలు తింటే చేను ఖాళీ అవుతుంది. మళ్లీ విత్తడానికి అదను దాటిపోతుంది. అయినా లెక్క తెలుసుకోవడం మంచిది.

వెయ్యి రాగి గింజల బరువు రెండున్నర నుంచి మూడు గ్రాములు. వెదజల్లడానికి ఎకరాకు మూడున్నర, నాలుగు కిలోలు వాడతారు. నాలుగు కిలోలంటే 13 నుంచి 16 లక్షల గింజలు. చదరపు మీటరుకు 330 నుంచి 400 గింజలు. అందులో సగమే మొలిచి బతికినా 160 నుంచి 200 మొక్కలు. మనకు కావలసింది 45 నుంచి 66. అంటే సగం చచ్చిపోయినా ఇంకా మూడు రెట్లు మిగిలాయి. అదే నారు పోసి నాటితే ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు.

కాబట్టి వెదజల్లిన చేనులో ఒత్తు మొక్కలు తీయడం తప్పనిసరి. విత్తిన రెండు వారాల లోపు, నేలలో తేమ ఉన్నప్పుడు తీయాలి. తీసిన రాగి మొక్కల్ని పల్చగా ఉన్న చోట నాటుకోవచ్చు. ఆలస్యమైతే లాభం తక్కువ, ఎందుకంటే అప్పటికే అవి తినవలసిన తిండి తినేసి ఉంటాయి. పచ్చగా ఉన్న మొక్కను చేత్తో పీకడానికి మనసు ఒప్పుకోదు. అందుకే ఈ పని ఎక్కువ మంది చేయరు. చేయవలసిన పనుల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే.

ఒక మినహాయింపు. జొన్న ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ వచ్చి లేత మొక్కల మొవ్వులు ఎండిపోతాయి. అటువంటప్పుడు విత్తనం కొంచెం ఎక్కువ వేసి, ఈగ తిన్న మొక్కల్ని ముందు తీసేసి, మిగిలినవాటిలో ఎడం సరిచేసుకోవాలి.

గుళి రాగి చెప్పే పాఠం

కర్ణాటకలోని హావేరి జిల్లా రైతులు చాలా కాలంగా రాగిని ఒక ప్రత్యేక పద్ధతిలో పండిస్తున్నారు. దాన్ని గుళి పద్ధతి అంటారు. గుళి అంటే గుంట. పొలాన్ని నిలువుగా, అడ్డంగా మూరకు ఒక చాలు చొప్పున గీస్తారు. గీతలు కలిసిన ప్రతి చోటా గుంటలో పశువుల ఎరువు వేసి, 20, 25 రోజుల నారు రెండేసి మొక్కలు నాటుతారు. తర్వాత రెండు వైపులా గుంటక తోలతారు. మొక్కలు కొంచెం పెరిగాక తేలికైన కొయ్యను వాటి మీదుగా లాగి వంచుతారు. దానివల్ల అడుగు నుంచి కొత్త పిలకలు వస్తాయి. మామూలు పద్ధతిలో హెక్టారుకు ఒకటి నుంచి రెండు టన్నులు పండే చోట ఈ పద్ధతిలో నాలుగున్నర, ఐదు టన్నుల వరకు తీసినట్టు నమోదైంది. ఈ గుళి రాగి మన విశాఖ ఏజెన్సీ గిరిజన రైతుల దగ్గరికీ వచ్చింది. ఒడిశాలో 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్ కూడా లేత నారు, ఎక్కువ ఎడం పద్ధతిని ప్రచారం చేసింది.

వరిలో దీనికి చుట్టం శ్రీ పద్ధతి. మడగాస్కర్ దేశంలో హెన్రీ ద లోలానీ అనే ఫ్రెంచి ఫాదర్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతిని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం 2003 ఖరీఫ్‌లో రాష్ట్రమంతటా రైతుల పొలాల్లో వేయించింది. 25 x 25 సెంటీమీటర్లలో ఒక్కొక్క లేత మొక్క నాటడం మన డెల్టా రైతులు కూడా చూశారు.

అయితే ఈ పద్ధతి మీద శాస్త్రవేత్తల మధ్య పెద్ద వాదన జరిగింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో నార్మన్ అప్‌హాఫ్ దీనికి ప్రపంచమంతా ప్రచారం తెచ్చారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన మరికొందరు శాస్త్రవేత్తలు 2006లో అనేక ప్రయోగాల అంకెలు పరిశీలించి, సిఫారసు చేసిన అన్ని మంచి పద్ధతులూ పాటించిన చేనుతో పోలిస్తే శ్రీ పద్ధతి గొప్పగా మించిపోయిందేమీ లేదని, మడగాస్కర్ మాత్రమే మినహాయింపని రాశారు. మనం ఇందులో ఎవరు గెలిచారని చూడనక్కర్లేదు. ఒక ప్రశ్న నేర్చుకుంటే చాలు. ఎవరైనా 'దిగుబడి రెట్టింపు అయింది' అన్నప్పుడు 'దేనితో పోల్చి?' అని అడగాలి. పట్టించుకోని చేనుతో పోలిస్తే ఏ మంచి పద్ధతి అయినా రెట్టింపు ఇస్తుంది. గుళి రాగిలో ఎడంతో పాటు ఎరువు, లేత నారు, రెండు వైపులా గుంటక, అన్నీ కలిసి పని చేశాయి. వాటిలో ఎడం ఒక్కటే తీసుకుని మిగతావి వదిలేస్తే మన మూడో లెక్క అవుతుంది. కౌలు రైతు ఆ నష్టాన్ని తట్టుకోలేడు. పంట పోయినా అతను కౌలు కట్టాల్సిందే.

ఎక్కడ దగ్గరగా, ఎక్కడ దూరంగా?

నీరు, ఎరువు ఉన్న చోట మొక్కలు ఎక్కువ ఉన్నా నేల పోషించగలదు. గుంటూరు వైపు కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో దుక్కి దున్నకుండానే జొన్న వేస్తున్నారు. ఒకటి రెండు తడులు, సరిపడా ఎరువు ఇచ్చి ఎకరాకు 20 క్వింటాళ్లు దాటి తీస్తున్నారు. అక్కడ పూర్తి సంఖ్యలో మొక్కలు ఉండాలి. దాళ్వాకు నీరు చాలని ఏడు మన డెల్టాలోనూ ఈ పంట గురించి ఆలోచించవచ్చు.

వాన మీదే ఆధారపడిన తేలిక నేలలో మొక్కల సంఖ్య కొంచెం తగ్గించుకోవడం క్షేమం. నారు ముదిరిపోయినా, విత్తడం ఆలస్యమైనా మొక్కకు పిలకలు వేసే వ్యవధి ఉండదు కాబట్టి దగ్గరగా నాటాలి. నేలలో బలం ఉండి, లేత నారు దొరికి, కలుపు తీసే మనుషులు ఉంటే ఎడం పెంచవచ్చు.

వీటన్నిటినీ కలిపి ఒక గుర్తు చెప్పుకోవచ్చు. పూత దశ వచ్చేసరికి ఆకులు కలిసి నేల కప్పుకోవాలి. నెల రోజులకే కప్పేస్తే ఒత్తుగా ఉన్నట్టు. పూత వచ్చినా వరుసల మధ్య ఎండ నేల మీద పడుతుంటే పల్చగా ఉన్నట్టు. ఆ ఎండ వృథా పోతుంది, కాకపోతే కలుపు తింటుంది. ఈ గుర్తు చూసి వచ్చే ఏడు ఎడం సరిదిద్దుకోవచ్చు. బొత్తిగా నీటి వసతి లేని చోట మాత్రం నేల పూర్తిగా కప్పుకోకపోయినా కంగారు పడక్కర్లేదు. అక్కడ ఎండ కన్నా తేమ విలువ ఎక్కువ.

వరుసల వల్ల లాభం, ఖర్చు

మొక్కల సంఖ్య సరిపోతే చాలదా, వరుసలు ఎందుకు అని అడగవచ్చు. చిరుధాన్యాలు మొదటి నెల నెమ్మదిగా పెరుగుతాయి. ఆ నెలలోనే కలుపు వాటిని మింగేస్తుంది. వరుస ఉంటే గుంటక తోలవచ్చు, చేతి వీడరు నడపవచ్చు. వెదజల్లిన చేనులో ఆడవాళ్లు వంగి చేత్తో పీకడం తప్ప మార్గం లేదు. వరుస ఉంటే అంతరపంట కూడా వేసుకోవచ్చు. కొర్ర ఐదు వరుసలకు కంది ఒక వరుస, జొన్న రెండు వరుసలకు కంది ఒక వరుస సిఫారసులో ఉన్నాయి.

కానీ వరుసలో నాటడానికి తాడు పట్టాలి, మనుషులు ఎక్కువ కావాలి. ఆ నడుము నొప్పి మన అమ్మలదే. గొర్రుతో విత్తే వీలున్న నేలలో గొర్రు వాడితే వరుసలూ వస్తాయి, నాట్ల కూలీ తప్పుతుంది. ఏజెన్సీలో కొండరెడ్లు పోడు వాలుల మీద సామ, చోడి, జొన్న, కంది కలిపి చల్లుతారు. అక్కడ నాగలి తిరగదు, గుంటక తిరగదు. ఒక పంట పోయినా ఇంకోటి మిగులుతుందన్న ముందుచూపు ఆ కలగలుపులో ఉంది. దాన్ని తెలివితక్కువ అనుకోకూడదు. ఆ పద్ధతిలో కూడా ఒత్తుగా పడిన చోట మొక్కలు తీసి పల్చన చేయడం మాత్రం చేయవచ్చు.

మన హాస్టల్ ఆవరణలోనే చేసి చూడవచ్చు

వార్డెన్ గారి అనుమతితో కొద్దిగా ఖాళీ స్థలం దొరికితే ఈ వర్షాకాలంలో మీరే చేసి చూడండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పుతో పన్నెండు మళ్లు కట్టండి. నాలుగు రకాల ఎడాలు తీసుకోండి: వెదజల్లడం, 15 x 10, 25 x 25, 45 x 45. ఒక్కొక్కటి మూడేసి మళ్లలో వేయండి. ఏ మడిలో ఏది వేయాలో చీట్లు తీసి నిర్ణయించండి. మంచి మట్టి ఉన్న మూలలో మనకు నచ్చిన పద్ధతి వేసుకోకుండా ఈ చీట్లు కాపాడతాయి. 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ ప్రయోగక్షేత్రంలో రోనాల్డ్ ఫిషర్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతినే ఇప్పటికీ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వాడుతున్నాయి.

అన్ని మళ్లకూ ఒకే రోజు విత్తనం, ఒకే ఎరువు, ఒకే నీరు ఇవ్వండి. నారు కూడా ఒకే వయసుది నాటండి. కోసేటప్పుడు మడి అంచు మొక్కలు వదిలేసి మధ్యలో ఒక చదరపు మీటరు మాత్రమే కోయండి. ఎందుకో మీకు ఈపాటికి తెలుసు, అంచు మొక్క గట్టు పక్క మొక్క లాంటిదే. మొక్కలు లెక్కపెట్టండి, వెన్నులు లెక్కపెట్టండి, ఎండబెట్టి గింజ తూకం వేయండి. ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. పైన నేను ఊహించి వేసిన అంకెల స్థానంలో మీ నిజమైన అంకెలు వస్తాయి. అవి నా లెక్కతో కలవకపోతే మీ అంకెలనే నమ్మండి.

ముగింపు

సరైన ఎడం అంటే పుస్తకంలో ఉన్న ఒక అంకె కాదు. ఈ నేల, ఈ నీరు, ఈ ఎరువు, ఈ రకం, ఈ నారు ఎంతమంది మొక్కల్ని కడుపునిండా పోషించగలవో తెలుసుకుని అన్నే ఉంచడం. అది తెలియాలంటే చదువూ కావాలి, పొలం అనుభవమూ కావాలి. విశ్వవిద్యాలయంలో లెక్క ఉంది. మన ఇళ్లలో చేయి తిరిగిన అనుభవం ఉంది. ఈ రెంటికీ మధ్య మాట కలపగలిగిన వాళ్లం మనమే, ఎందుకంటే రెండు భాషలూ మనకు వచ్చు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్నతో చేనులోకి వెళ్లండి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గీసి, అందులో మొక్కలు లెక్కపెట్టండి. పైరు రెండు వారాల లోపు లేతగా ఉంటే, ఒత్తుగా ఉన్నవి ఆ రోజే తీయవచ్చు.